గ్రంథపాతములు – పూరణములు

తాటాకులపై గంటముతో వ్రాసిన కాలమున ఒక గ్రంథమునకు రెండు ప్రతులున్నచో, అవి అక్షరాల ఒక్కటిగా నుండుట అరుదు. 'ప', 'వ', 'ష' అను అక్షరములు ఆకారమున దగ్గరి చుట్టములు; గంటము కొంచెము జారిన ఒకటి మరియొకటి యగును. ఒకే మాటతో మొదలైన రెండు పంక్తులు దాపుననున్నచో, లేఖకుని కన్ను మొదటిదానినుండి రెండవదానికి దుమికి, నడిమి పంక్తులు జారిపోవును. ఆపై చెదలు, తడి, నిప్పు తమ వంతు హరించును. ఇట్లు లోపించిన భాగమును గ్రంథపాతమనియు, కవి వ్రాయకయే వచ్చి చేరినదానిని ప్రక్షిప్తమనియు మన పండితులు పిలిచిరి.

ఒకరు ఒక ప్రతిని పైకి చదువుచుండ, తక్కినవారు తమ ప్రతులను చూచుచు, భేదము కనిపించినచోట పాఠాంతరమును గుర్తించుట ప్రతులను పోల్చు పద్ధతి. 19వ శతాబ్దమున చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పెక్కు ప్రతులు తెప్పించి, పండితులను జీతమిచ్చి నియమించి, తెలుగు కావ్యముల పాఠములను పోల్పించెను. ఈ పనిలో తెలుగు పద్యము తనకు తానే కావలి కాయును. యతి తప్పినను, ప్రాస చెడినను, గణము కుంటినను అచ్చట లేఖకుని చేయి పడినదని అనుమానింపవచ్చును. కాని ఛందస్సు కుదిరినంతమాత్రమున పాఠము కవిదే యనరాదు. నేర్పరియైన లేఖకుడు ఛందస్సునకు సరిపడునట్లే మార్పగలడు.

పూరణము విషయమున పాలమూరు, నల్గొండ సీమలకు సంబంధించిన రెండు గాథలను మేమిచ్చట ప్రస్తావింపదలచితిమి.

పాలమూరు సీమలోని వర్ధమానపురము కాకతీయుల సామంతులైన గోనవారి నెలవు. ఆ వంశీయుడగు గోన బుద్ధారెడ్డి 13వ శతాబ్దమున రంగనాథ రామాయణమును ద్విపదలో యుద్ధకాండము వరకు రచించెను. ఉత్తరకాండమును ఆయన కుమారులు కాచవిభుడు, విట్ఠలరాజు పూరించిరి. కావ్యము పేరున రంగనాథుడుండుటచే కర్తృత్వమును గూర్చి పండితులు చాలకాలము వాదించిరి; గ్రంథములోని మాటలే బుద్ధారెడ్డి పక్షమున సాక్ష్యమిచ్చినవి.

రెండవది రాచకొండ. 2016 వరకు నల్గొండ జిల్లాలో నుండి నేడు యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరిన ఈ దుర్గము రేచర్ల పద్మనాయకుల రాజధాని. ఇచ్చటి సింగభూపాలుడు భాగవతమును తనకంకితమీయలేదని పోతనపై అలిగి, దానిని భూమిలో పాతిపెట్టించెననియు, వెలికి తీయునప్పటికి కొన్ని భాగములు శిథిలమయ్యెననియు ఐతిహ్యము. నింద పెద్దది. రసార్ణవసుధాకరమను శాస్త్రగ్రంథమును రచించి సర్వజ్ఞుడని పేరొందిన సింగభూపాలునికే దీనిని అంటగట్టినవారును కలరు. కాని ఆయన 14వ శతాబ్దము చివర ఏలినవాడు. పోతన 15వ శతాబ్దపు కవి. కాలము పొసగదు.

గ్రంథము తానుగా చెప్పు సంగతి వేరు. 12 స్కంధములలో పంచమస్కంధము చివరి గద్యలో బొప్పరాజు గంగన పేరును, షష్ఠమున ఏర్చూరి సింగన పేరును, ఏకాదశ ద్వాదశములందు పోతన శిష్యుడగు వెలిగందల నారయ పేరును కలవు. ఏ అతుకు ఎవరిదో చదువరికి దాపరికము లేదు. ఆ గద్యలు పూరించినదెవరో చెప్పును గాని, పోగొట్టినదెవరో చెప్పవు. కనుక రాచకొండ ప్రభువును దోషిగా నిలుపుటకు అవి చాలవు.

ప్రతులను పోల్చు పనిని నేడు కంప్యూటరు క్షణములో చేయుచున్నది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డగ్లస్ మెకిల్‌రాయ్ సిద్ధపరచిన 'డిఫ్' 1974లో యూనిక్స్‌తో వెలువడెను. ఆజ్ఞగా ఆ పేరును, వెంట రెండు ఫైళ్ల పేర్లును టైపు చేసినచో, అది రెండింటికిని ఉమ్మడియైన పంక్తులను పట్టుకొని, భేదమును మాత్రమే చూపును. నేడు వాడుకలోనున్న తీరున పోయిన పంక్తికి ముందు ఋణచిహ్నము, చేరినదానికి ముందు ధనచిహ్నము నుండును. 1985లో లారీ వాల్ రచించిన 'ప్యాచ్' ఆ భేదముల పట్టికను తీసికొని పాతప్రతిని దిద్దును. పంక్తిసంఖ్యలు మారినను ఇరుగుపొరుగు పంక్తులను బట్టి చోటు కనుగొనును. అవి పొసగనిచో ఆ దిద్దుబాటును త్రోసిపుచ్చి వేరొక ఫైలులో నుంచును. భేదము విడిగా భద్రమై యుండుటచే, అతుకు విప్పి మొదటి పాఠమును మరల పొందవచ్చును. పేరులేని ప్రక్షిప్తమును విడదీయుటకు మన పండితులు పడిన పాట్లు తెలిసినవారికి ఇది ఎంతటి సౌకర్యమో బోధపడును.

అయినను యంత్రము భేదమును చూపునే గాని, ఏది కవి పాఠమో నిర్ణయింపదు. ఆ నిర్ణయమునకు భాష తెలిసిన మనిషి కావలెను. పోల్చుటకు ప్రతులును కావలెను. ఇంట తాళపత్రములున్నవారు, అచ్చుపుస్తకము దొరకుచున్నదని వానిని అటకపై చెదలకు వదలరాదు. తప్పులతడకయైన ప్రతిలోను, వేరెచ్చటను లేని మంచి పాఠమొకటి మిగిలి యుండవచ్చును.