మా పల్లె: చరిత్ర, భూగోళం, జనాభా

ఊరి చరిత్ర అంటే ఎవరి చరిత్ర? ఈ ప్రశ్న వెయ్యకుండా రాసిన ఏ చరిత్రైనా సగం ఊరి చరిత్రే. మాది పర్చూరుకీ చీరాలకీ నడుమ, నల్లరేగడి నేలలో ఓ చిన్న ఊరు. పేరు చెప్పను. పేరు తీసేసి చదివితే అది మీ ఊరే.

బళ్ళో చరిత్ర, భూగోళం, జనాభా అని పాఠాలు చెప్పారు. ఆ మూడింటినీ మా మాదిగపల్లె మీద పెట్టి చూస్తే ఏం తేలుద్దో చూద్దాం.

ముందు భూగోళం. మా ఊరు ఉన్నచోట ఉండే నాలుగు జిల్లాలు తిరిగింది. 1859లో ఏర్పడిన కృష్ణా జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లాలో పడింది. 1970లో ఒంగోలు జిల్లా అయింది, రెండేళ్ళకి దానికే ప్రకాశం అని పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. ఇన్ని గీతలు మారాయి గానీ ఊరికీ పల్లెకీ మధ్యనున్న డొంక ఒక్క గజం కూడా జరగలేదు. ఆ సరిహద్దుని ఏ సర్వే వాళ్ళూ వెయ్యలేదు, ఏ గెజిట్లోనూ రాయలేదు. అయినా నడక నేర్చిన ప్రతి పిల్లకీ తెలుసు.

మెరక మీద ఊరు, పల్లంలో పల్లె. వానొస్తే ఊళ్ళో నీళ్ళన్నీ పారి వచ్చేది మా గుమ్మాల్లోకే. రొంపేరు పొంగితే ముందు మునిగేదీ మేమే. మా అమ్మ పనికి బయల్దేరుతూ ‘ఊళ్ళోకి పోయొస్తా’ అనేది. ఇప్పటికీ అట్లాగే అంటారు. ఊరి పేరు చెప్పుకుని బతికేవాళ్ళు ఊళ్ళోకి పోయి రావటం ఏమిటి? మా భూగోళమంతా ఆ ఒక్క మాటలో ఉంది.

ఇక చరిత్ర. కాలిన్ మెకంజీ రెండు వందల ఏళ్ళ కిందట గ్రామ కైఫీయతులు సేకరించాడు. వాటిల్లో ఎక్కువ భాగం కరణాల దగ్గరున్న లెక్కలూ, వాళ్ళు చెప్పిన సంగతులే. గుడి ఎవరు కట్టించారు, అగ్రహారం ఎవరికి దానమిచ్చారు, దొరతనం ఎవరి చేతినుంచి ఎవరి చేతికి పోయింది, ఇవి ఉంటాయి. ఆ గుడికి రాళ్ళు మోసిందెవరు, మోటబొక్కెన కుట్టిందెవరు, తప్పెట కొట్టి ఊరిని లేపిందెవరు అన్నది వెతుక్కోవాల్సిందే. కలం ఎవరి చేతిలో ఉంటే చరిత్ర వాళ్ళ ఇంటిముందే ఆగుద్ది. ఆ వంశపారంపర్య కరణీకాలు మా రాష్ట్రంలో 1984 దాకా నడిచాయి.

1832-33లో గుంటూరు సీమలో కరువొచ్చింది. డొక్కల కరువన్నారు, నందన కరువన్నారు. జిల్లాలో ఉన్న అయిదు లక్షల జనంలో లక్షన్నరకి పైగా చచ్చిపోయారని అంచనా. కరువులో ముందు చచ్చేది గాదె లేనివాడే. ఆ తర్వాతే కృష్ణకి ఆనకట్ట కట్టాలన్న ఆలోచన గట్టిపడి 1855కి బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. కాలవలొచ్చాయి, కొమ్మమూరు కాలవ మా సీమ దాకా వచ్చింది. మాగాణి భూములు ధరలెక్కాయి. 1920ల నుంచి వర్జీనియా పొగాకు వచ్చింది, బేరన్లు లేచాయి. భూమి ఉన్నోడు డాబాలు కట్టాడు. మాకు నీళ్ళూ రాలేదు, భూమీ రాలేదు. పని మాత్రం పెరిగింది.

1876-78లో మళ్ళీ పెద్ద కరువు. అప్పుడు బకింగ్‌హామ్ కాలవ పని జరుగుతోంది. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర మూడు మైళ్ళ పైచిలుకు తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి పని చూపించాడు. గంపలెత్తినవాళ్ళలో మాదిగలు చాలామంది. మా నాయనమ్మ వాళ్ళత్త చిన్నపిల్లగా ఆ కాలవ కట్ట మీదనే ఉందట. ‘కూలి చేతిలో పెట్టేవాళ్ళంట, మీద నించి పడేసేవాళ్ళు కాదంట’ అని మా నాయనమ్మ చెప్పేది. కూలి ఎంతో ఆమెకి తెలీదు. ఎట్లా ఇచ్చారో అది మాత్రం రెండు తరాలు గుర్తుంది.

1878 జులైలో గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. గింజలకి ఆశపడి మతం మారారని ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. కానీ కరువుకి పదేళ్ళ ముందే యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ బాప్తిస్మం తీసుకుని పల్లె పల్లెకీ తిరిగి చెప్పాడు. ఆ దారి వేసింది మావాడే. ఆకలి ఒక్కటే అయితే కరువు తీరాక తిరిగి పోయేవాళ్ళే గదా! మా తాత అక్షరం ముక్క నేర్చింది గుడిసె బళ్ళోనే.

1921లో పన్నుల మీద తిరగబడి చీరాల జనం ఊరొదిలి రామనగరం కట్టుకుని పదకొండు నెలలు ఉన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య పేరుతో ఆ పాఠం మేమంతా చదివాం. దానికి అరవై నాలుగేళ్ళ తర్వాత, 1985 జులై 17న, కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. గొడవ మొదలైంది ముందురోజు మంచినీళ్ళ చెరువు కాడ. తాగేనీళ్ళు పాడుచెయ్యొద్దన్నందుకు కొట్టబోతే మున్నంగి సువార్త బిందె ఎత్తి అడ్డుకుంది. మిగిలినవాళ్ళు ఊరొదిలి చీరాల చేరారు. చర్చి ఆవరణే వాళ్ళకి ఊరైంది. అక్కణ్ణించి దళిత మహాసభ పుట్టింది, విజయనగర్ కాలనీ లేచింది. ఆ రెండో వలస ఏ క్లాసు పుస్తకంలో ఉంది? ఊరొదలటం వాళ్ళు చేస్తే సత్యాగ్రహం, మనం చేస్తే శాంతిభద్రతల సమస్య.

చివరికి జనాభా. 1871 నుంచి మనల్ని లెక్కపెడుతూనే ఉన్నారు. రిజిస్టర్లో పేర్లు మారాయి. పంచములన్నారు, ఆది ఆంధ్రులన్నారు, హరిజనులన్నారు, షెడ్యూల్డు కులాలన్నారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువైతేనే షెడ్యూల్డు కులమంది. తర్వాత 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు, క్రైస్తవుల్ని కలపలేదు. క్రైస్తవుడని రాయిస్తే బి.సి.-సి. అందుకని మా పల్లెలో ఆదివారం పేరొకటి, సర్టిఫికెట్ పేరొకటి. లెక్కలోడొస్తే ‘ఏం రాయమంటావ్?’ అని అడుగుతాడు. ‘ఏం రాస్తే మా పిల్లోడికి సీటొస్తదో అది రాయి’ అంటది మా పిన్నమ్మ. మతాన్ని దాచుకుంటే హక్కు, చెప్పుకుంటే శిక్ష. కొట్టేవాడు మాత్రం ఏ సర్టిఫికెట్టూ అడగడు. అట్లాంటప్పుడు ఆ లెక్కలో మేమెందరమో ఎట్లా తేలుద్ది?

ఇంకో సంగతి. షెడ్యూల్డు కులాలు అని ఒక్క గీత కింద కలిపేస్తే లోపల ఎవరికెంత అందిందో కనపడదు. ప్రకాశం జిల్లా ఈదుమూడిలో 1994 జులై 7న దండోరా మొదలైంది ఈ మాట అడగటానికే. వర్గీకరణ రాష్ట్రాలు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది 2024 ఆగస్టు 1న. లెక్క అడిగినందుకే ముప్పయ్యేళ్ళు పట్టింది! 1931 తర్వాత దేశంలో పూర్తి కులాల లెక్క రాసి ప్రచురించలేదు. వచ్చే జనగణనలో కులం రాస్తామని 2025లో కేంద్రం ప్రకటించింది. రాయనీ. ఏం రాస్తున్నారో పక్కన నిలబడి చూడాల్సింది మనం.

చదువుకునే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ చెప్పేది ఒకటే. సెలవులకి ఇంటికి పోయినప్పుడు ముసలాళ్ళ దగ్గర కూచోండి. మీ పల్లె స్థలం ఎవరిచ్చారు, శ్మశానం ఎంతుండేది, ఇప్పుడెంత మిగిలింది, మొదటి బావి ఏ ఏడు తవ్వారు, మొదట చదివింది ఎవరు, పాలేరుగా ఉండి ఎదురుతిరిగింది ఎవరు, అన్నీ అడిగి రాయండి. పట్టాలుంటే నకళ్ళు తీసి పెట్టండి. మా పల్లెలో నేనూ ఇద్దరు కుర్రాళ్ళూ కలిసి ఇంటింటికీ తిరుగుతున్నాం. శ్మశానం హద్దులు చెప్పగలిగిన పెద్దవాళ్ళు ఇంకా ముగ్గురున్నారు. వాళ్ళుండగానే ఈ పని అయిపోవాలి.