పర్యావరణ ప్రమాద విజ్ఞాపనము, పౌర భాగస్వామ్యము: శంషాబాదు–తుక్కుగూడ ప్రాంతము

కర్మాగారములవలనను నిర్మాణములవలనను నీటికి, గాలికి, నేలకు కలుగగల కీడును ప్రజలకు ముందుగా బోధపడునట్లు తెలిపి, వారి అభిప్రాయమును ప్రభుత్వ నిర్ణయమునందు చేర్చుకొనుటయే ఈ విషయము. హైదరాబాదునకు దక్షిణమున, శ్రీశైలము రహదారి ఔటర్ రింగు రోడ్డును కలియు తుక్కుగూడ మొదలుకొని శంషాబాదు మీదుగా హిమాయత్‌సాగర్ వరకు గల ప్రదేశము దీని చరిత్రలో ముఖ్యస్థానము వహించినది.

పూర్వరంగము

కట్టకు గండిపడు భయము కలిగినప్పుడు దండోరా వేసి ఊరివారిని హెచ్చరించు ఆచారము చెరువుల కాలమునుండియు ఉండెను. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల ననుసరించి నిర్మింపబడిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయములు నగరమునకు త్రాగునీటి నొసగినవి. వాని రక్షణకై 1994 మార్చి 31న 192వ ఉత్తరువును, 1996 మార్చి 8న 84 గ్రామములకు వర్తించు సుప్రసిద్ధమైన 111వ ఉత్తరువును వెలువడెను. జలాశయములకు పది కిలోమీటర్లలోపల కాలుష్యకారక పరిశ్రమలు నిషిద్ధములయ్యెను.

పెద్దషాపూర్ వివాదము

ఆముదమునుండి రసాయనములు తయారుచేయ నెంచిన సురానా ఆయిల్స్ అను సంస్థ 1993లో శంషాబాదు మండలములోని పెద్దషాపూర్‌లో పన్నెండెకరముల భూమిని కొనెను. కాలుష్య నియంత్రణ మండలి 1997 జూలై 30న అనుమతి నిరాకరింపగా, ఒక శాస్త్రజ్ఞుని ప్రమాణపత్రమును ఆధారముగా గొని అప్పీలు అధికారి 1998 జనవరి 7న ఆ నిరాకరణను త్రోసిపుచ్చెను. వాడిన నికెల్ ఉత్ప్రేరకమువంటి వ్యర్థములు వాననీటితో జారి జలాశయమును చేరునా యను ప్రశ్నపై నిపుణులలోనే ఏకాభిప్రాయము లేకపోయెను. ఆ నీరు త్రాగు నగరవాసుల పక్షమున సొసైటీ ఫర్ ప్రిజర్వేషన్ ఆఫ్ ఎన్విరాన్‌మెంట్ అండ్ క్వాలిటీ ఆఫ్ లైఫ్ అను పౌరసంఘము న్యాయస్థానము నాశ్రయించుట శ్లాఘనీయము.

1999 జనవరి 27న సర్వోన్నత న్యాయస్థానమున న్యాయమూర్తి ఎం. జగన్నాధరావు వెలువరించిన తీర్పు, విజ్ఞానశాస్త్రము నిశ్చయముగా చెప్పజాలనిచోట ముందుజాగ్రత్తయే ధర్మమనియు, హాని లేదని నిరూపించు భారము పరిశ్రమదే యనియు విశదపరచెను. ఆ సంస్థకు రాష్ట్రప్రభుత్వ మొసగిన మినహాయింపు చెల్లదని 2000 డిసెంబరు 1 నాటి తుది తీర్పు నిర్ణయించెను. జగన్నాధరావు అధ్యక్షతన లా కమిషన్ 2003లో సమర్పించిన 186వ నివేదిక పర్యావరణ న్యాయస్థానములను సిఫారసు చేయగా, 2010లో జాతీయ హరిత న్యాయస్థాన చట్టము వచ్చెను.

ప్రజాభిప్రాయ సేకరణ

1992 నాటి రియో ప్రకటనలోని పదవ సూత్రము పౌరులకు సమాచారమును, నిర్ణయమున పాలును ఉండవలెనని చాటెను. మనదేశమున పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటనకు 1997 ఏప్రిల్ 10న చేసిన సవరణచే బహిరంగ విచారణ విధిగా నేర్పడెను. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన ననుసరించి ఆ విచారణకు జిల్లా కలెక్టరుగాని తత్ప్రతినిధిగాని అధ్యక్షత వహింపవలెను. ముప్పది దినములకు తక్కువ కాని వ్యవధి నీయవలెను. ప్రభావ అంచనా నివేదిక సారాంశమును స్థానిక భాషలోను ఉంచవలెను. సభాంతమున కార్యక్రమ వృత్తాంతమును చదివి ప్రజలకు వారి భాషలో వివరింపవలెను.

అయినను ఇదే ప్రకటన భవన నిర్మాణములను, టౌన్‌షిప్పులను ఈ సంప్రదింపునుండి మినహాయించెను. 2008 మార్చి 23న శంషాబాదు విమానాశ్రయమున విమానముల రాకపోకలు ప్రారంభమైన పిదప తుక్కుగూడ పరిసరములలో విరివిగా వెలసినవి ఇట్టి కట్టడములే యగుటచే, భూగర్భజలములు, మురుగునీటి పారుదల, పూడిన కాలువలు మున్నగువానిపై ఊరివారు సభలో నిలిచి ప్రశ్నించు చట్టబద్ధమైన అవకాశము సన్నగిల్లెను. 2006 ప్రకటన స్థానమున ప్రతిపాదింపబడిన 2020 ముసాయిదాను రాజ్యాంగ భాషలన్నింటిలోనికి అనువదింపవలసినదిగా ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము ఆదేశించుట గమనార్హము.

ఇటీవలి పరిణామములు

111వ ఉత్తరువు ఆంక్షలవలన తమ భూములకు ధర రాలేదని అనేకులగు రైతులు విన్నవించుకొనగా, 2022 ఏప్రిల్ 12న 69వ ఉత్తరువు ఆ ఆంక్షలను తొలగించెను. పర్యావరణవాదులు దీనిని తీవ్రముగా ప్రతిఘటించిరి. భూమి విలువ కోల్పోవు రైతుయొక్క లాభనష్టములును, నీరు త్రాగు నగరవాసియొక్క ఆరోగ్యమును ఒకే సభలో, ఒకే లెక్కల ఆధారముతో, తెలుగులో చర్చకు వచ్చు ఏర్పాటు లేకుండుటయే ఈ చరిత్రలోని పెద్ద లోపము. పెద్దషాపూర్ తీర్పు పరిశ్రమపై మోపిన నిరూపణభారమును భవన నిర్మాతలపైనను మోపి, వారిని గ్రామసభ యెదుట సమాధానము చెప్పించు నియమ మేర్పడిననాడే ఆ లోపము తీరగలదు.