కరువు కూలీలు తవ్విన నది.. బకింగ్‌హాం కాలువ

ముత్తుకూరు: సముద్రతీరం వెంట సాగే బకింగ్‌హాం కాలువను కొత్తగా చూసినవారు దానిని సహజసిద్ధమైన ఉప్పుటేరుగానే భావిస్తారు. వాస్తవానికి ఇది మనుషులు పలుగు, పారలతో తవ్విన నది. ఉత్తరాన పెదగంజాం నుంచి దక్షిణాన తమిళనాడులోని మరక్కాణం వరకు దీని పొడవు సుమారు 420 కిలోమీటర్లు. అందులో దాదాపు 257 కిలోమీటర్లు మన రాష్ట్రంలోనే ఉంది. ముత్తుకూరు మండలంలో కృష్ణపట్నం వద్ద కండలేరు ఉప్పుటేరును దాటి ముందుకు సాగుతుంది. ఒకనాడు సరకు రవాణాకు, ప్రయాణానికి, విహారానికి ఆధారమైన ఈ కాలువ నేడు పూడికతో సతమతమవుతోంది.

పదకొండు మైళ్లతో మొదలు

1806లో బాసిల్ కాక్రేన్ అనే బ్రిటిష్ వర్తకుడు మద్రాసు నుంచి ఎన్నూరు వరకు 11 మైళ్ల కాలువ తవ్వకానికి పూనుకున్నాడు. దానికి కాక్రేన్ కాలువ అనే పేరు వచ్చింది. 1837లో ప్రభుత్వం దానిని స్వాధీనం చేసుకుని క్రమంగా ఉత్తరానికి, దక్షిణానికి పొడిగించింది. పులికాట్, దుగరాజపట్నం, కృష్ణపట్నం మీదుగా పెదగంజాం చేరిన కాలువ అక్కడ కొమ్మమూరు కాలువతో కలిసింది. దీంతో కృష్ణా, గోదావరి డెల్టాల నుంచి మద్రాసుకు పడవ దారి ఏర్పడింది.

ధాత కరువులో గంజి పోసిన పని

1876-78 మధ్య మద్రాసు రాజధానిని ధాత కరువు పీడించింది. పల్లెలు విడిచి వచ్చిన పేదలకు పని కల్పించేందుకు అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూక్ హయాంలో మద్రాసు నగరంలోని కూవం, అడయారు నదులను కలుపుతూ 8 కిలోమీటర్ల మేర కాలువ తవ్వించారు. 1878లో కాలువకు ఆయన పేరే పెట్టారు. గవర్నరు పేరు నిలిచింది గానీ, మట్టి మోసిన కూలీల పేర్లు ఎక్కడా మిగలలేదు.

పోటు నీటిపై పడవలు

ఇది సాగునీటి కాలువ కాదు. ఉప్పుటేర్ల ముఖద్వారాల నుంచి పోటుకు లోనికి వచ్చే సముద్రజలమే దీనికి ఆధారం. నదులను దాటేచోట్ల నీటిమట్టం నిలిపేందుకు లాకులు కట్టారు. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు. లేకుంటే గెడలు వేసేవారు, గట్టు వెంట నడుస్తూ తాళ్లతో లాగేవారు. శ్రీహరికోట వంట చెరకు, నెల్లూరు తీరపు ఉప్పు, డెల్టా ధాన్యం ఈ దారినే మద్రాసు చేరేవి. 1899లో బెజవాడ-మద్రాసు రైలు మార్గం, తరువాత లారీలు రావడంతో పడవల రద్దీ తగ్గింది. 1965, 1966 తుపానులు కాలువను తీవ్రంగా దెబ్బతీశాయి.

విహారానికీ అదే దారి

రోడ్లు సరిగా లేని కాలంలో మద్రాసువాసులు రాత్రి పడవ ఎక్కి తెల్లవారేసరికి మహాబలిపురం చేరేవారు. అదే కాలువ దారిలో చెన్నైకి దక్షిణాన ముట్టుకాడు వద్ద తమిళనాడు పర్యాటకశాఖ 1984లో పడవ విహార కేంద్రాన్ని నెలకొల్పింది. మన తీరంలో అంతటి ఏర్పాటు లేకపోయినా పల్లెవాసులకు కాలువ గట్టే కాలక్షేపం. గాలం వేసి చేపలు పట్టేవారికి పండుగప్ప, వల వేసేవారికి రొయ్యలు, పీతలు దొరుకుతాయి. జీవనోపాధికి, వినోదానికి మధ్య ఇక్కడ గీత గీయలేము.

ఉప్పెనకు అడ్డుగా

2004 డిసెంబరు 26న సునామీ విరుచుకుపడినప్పుడు ఈ కాలువ విలువ తెలిసివచ్చింది. తీరాన్ని దాటి వచ్చిన నీటిని కాలువ తనలో ఇముడ్చుకుందని, పది పదిహేను నిమిషాలలో ఆ నీరు తిరిగి సముద్రంలోకి వెళ్లిందని, ఆంధ్ర తీరంలో ఎందరో మత్స్యకారుల ప్రాణాలు దక్కాయని 2005లో కరెంట్ సైన్స్ పత్రికలో వెలువడిన పరిశీలన పేర్కొంది. పూడిపోయిన కాలువకు ఆ శక్తి ఉండదు. భారీ వర్షాలకు పల్లపు గ్రామాల నీరు సముద్రానికి చేరాలన్నా కాలువ తెరుచుకుని ఉండాల్సిందే.

కాగితాలపై జలమార్గం

కాకినాడ నుంచి పుదుచ్చేరి వరకు ఉన్న కాలువలను, గోదావరి, కృష్ణా నదుల్లో కొంత భాగాన్ని కలిపి 1,078 కిలోమీటర్ల మార్గాన్ని కేంద్రం 2008 నవంబరులో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించింది. అందులో పెదగంజాం-చెన్నై భాగం 316 కిలోమీటర్లు. అదే ఏడాది జులైలో కృష్ణపట్నం ఓడరేవు ప్రారంభమైంది. తొలిదశ పనులకు మాత్రం కృష్ణా నదిలోని ముక్త్యాల-విజయవాడ భాగాన్ని ఎంచుకున్నారు.

కాలువను పట్టించుకోకపోతే ఏమవుతుందో చెన్నై నగరమే చెబుతోంది. అక్కడ అది మురుగు కాలువగా మారింది. దాని గర్భంలోనే పట్టణ రైలు వంతెన స్తంభాలు లేచాయి. ఓడరేవు, విద్యుత్ కేంద్రాలు, రొయ్యల చెరువులు చుట్టుముట్టిన ముత్తుకూరు తీరంలోనూ ఆ ప్రమాదం పొంచి ఉంది. పూడిక తీసి, గట్లు పటిష్ఠం చేసి, వ్యర్థజలాలు కలవకుండా చూస్తే పడవ విహారం, చేపల వేట, ఉప్పెన రక్షణ మూడూ ఒకే కాలువతో సమకూరుతాయి. కరువు రోజుల్లో ఆకలితో తవ్విన కాలువను కలిగిన రోజుల్లో కాపాడుకోవడం కష్టమేమీ కాదు.