పిండిమర తొట్టి నుండి ఆటల కంప్యూటరు వరకు

వేసవి వచ్చినదనగానే వార్తలలో రెంటచింతల పేరు వినబడుట మనకు అలవాటే. గురజాల, మాచర్లల నడుమ నున్న ఈ ఊరు ఆంధ్రదేశమున మిక్కిలి వేడిగల ప్రదేశములలో ఒకటిగా పేరు పడినది. మే నెలలో అచ్చట ఉష్ణమాపకము 45 డిగ్రీలు దాటుట వింత కాదు. అట్టి సీమలో నివసించు విద్యార్థి తన గదిలో ఆటల కొరకు శక్తిగల కంప్యూటరును అమర్చుకొనదలచినచో, అది వేడెక్కి తన వేగమును తానే తగ్గించుకొనుట అతనికి ఎదురగు మొదటి చిక్కు. "నీటితో చల్లబరచు ఏర్పాటును తక్కువ ఖర్చులో మేమే చేసికొనవచ్చునా?" అని కళాశాలలో వేసవికి ముందు ఒకరిద్దరైనను అడుగుచుందురు. మిరపపంట డబ్బులో నుండి తండ్రి ఇచ్చిన మొత్తము ఒక్కసారి ఖర్చయినచో మరల దొరకదు. ఎచ్చటనో ఒక అతుకు వదలి నీరు కారినచో గ్రాఫిక్సు కార్డు వెల అంతయు నీటిపాలగును. కనుక ఇది నవ్వి త్రోసివేయదగిన ప్రశ్న కాదు.

దీనికి అంగడివారు చెప్పు జవాబు ఒక సామానుల పట్టిక. కాని యంత్రమును నీటితో చల్లబరచుట నేటి విద్య కాదు. ఆవిరియంత్రములో ఆవిరిని వేరొక పాత్రలోనికి పంపి, ఆ పాత్రను చల్లని నీటిలో నుంచిన జేమ్స్ వాట్ 1769 లోనే దానికి పేటెంటు పొందెను. నాటి నుండి నేటి వరకు జరిగిన కథ తెలిసినచో, డబ్బు ఎచ్చట పెట్టవలెనో ఎచ్చట పెట్టనక్కరలేదో విద్యార్థి తానే తేల్చుకొనగలడు.

ఈ కథ కొరకు మనవారు ఇంగ్లండు వరకు పోనక్కరలేదు. కరెంటు రాని రోజులలో మన పల్లెలలోని పిండిమరలను, బావులమీది పంపులను నూనె ఇంజనులే త్రిప్పెడివి. కిర్లోస్కరు వారి ఆయిల్ ఇంజన్ల సంస్థ 1946 లో పూనాలో ఏర్పడినది. ఇంగ్లండులోని లిస్టరు ఇంజనుల నమూనాపై రాజకోటలో తయారైన ఇంజనులు కూడ దేశమంతట వ్యాపించినవి. ఆరు గుర్రముల శక్తిగల లిస్టరు ఇంజను నిమిషమునకు 650 చుట్లు మాత్రమే తిరుగును. టుక్కు టుక్కుమను ఆ చప్పుడు విన్నవారు దానిని మరువరు. మర ప్రక్కన ఒక సిమెంటు తొట్టియో పాత పీపాయో ఉండెడిది. దాని అడుగు నుండి ఒక గొట్టము ఇంజను క్రిందిభాగమునకును, ఇంజను తల నుండి మరియొక గొట్టము తొట్టి పైభాగమునకును పోవును. వేడెక్కిన నీరు తేలికయై పైకి లేచును, చల్లని నీరు క్రింద నుండి వచ్చి దాని చోటు నాక్రమించును. దీనికి పంపు లేదు, ఫ్యాను లేదు, ఖర్చు అసలే లేదు.

ఆ తొట్టి అంత పెద్దదిగా ఎందుకుండెడిది? డీజిలు ఇచ్చు వేడిలో ఇంచుమించు మూడవ వంతు పనిగా మారును, మూడవ వంతు పొగతో పోవును, మిగిలినది నీటిలో దిగును. ఆరు గుర్రముల ఇంజను తన పూర్తి శక్తితో పనిచేసినచో గంటకు నాలుగైదు యూనిట్ల వేడిని నీటికి అప్పగించును. వేయి లీటర్ల నీరు 20 డిగ్రీలు వేడెక్కుటకు దాదాపు 23 యూనిట్లు కావలెను. అనగా ఆ తొట్టి అయిదు గంటలపాటు వేడిని దాచుకొని, రాత్రి తీరికగా గాలికి వదలును. తొట్టి వేడిని పోగొట్టునది కాదు, నిలువ చేయునది. ఈ తేడాను పాఠకులు గుర్తుంచుకొనవలెను. కంప్యూటరులో అందమైన గాజు తొట్టి కొనువారు దీనినే మరచుచున్నారు. అందులో పట్టునది పావులీటరు నీరు. 300 వాట్ల వేడి పడినచో ఒకటిన్నర నిమిషము లోపలనే అది 20 డిగ్రీలు పెరుగును. అక్కడ నిలువ అను మాటకు అర్థమే లేదు.

కదలెడి బండిపై వేయి లీటర్ల తొట్టిని మోయుట సాధ్యము కాదు. కావున మోటారుకార్లు చేయువారు ఈ చిక్కును ముందుగా విప్పవలసి వచ్చెను. జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్ 1900 లో మెర్సిడెస్ కారు కొరకు తేనెపట్టు వంటి రేడియేటరును కల్పించెను. అందులో 6 మిల్లీమీటర్ల చతురపు గొట్టములు 8,070 ఉండెను. వాటి గుండా గాలి పోవును, వాటి సందులలో నీరు పారును. అంతకు ముందటి కారుకు 18 లీటర్ల నీరు కావలసి యుండగా, అంతకంటె శక్తిగల ఈ కారుకు 9 లీటర్లు చాలెను. నీరు సగమైనను చల్లదనము పెరిగినది! పెరిగినది నీరు కాదు, గాలికి తగులు లోహపు వైశాల్యము. నా దృష్టిలో నీటి శీతలీకరణ చరిత్రయందు ఇంతకు మించిన మలుపు లేదు.

ఇక కంప్యూటరుల సంగతి. 1946 నాటి ఎనియాక్‌లో సుమారు 18,000 వాల్వులు 150 కిలోవాట్లను మింగెడివి. దానికి పెద్ద పెద్ద ఫ్యానులతో గాలినే కొట్టిరి. ట్రాన్సిస్టరులు వచ్చి దగ్గర దగ్గరగా ఒదిగినకొలది వేడి ఒకేచోట గుమిగూడసాగెను. 1967 లో అమెరికా అంతరిక్ష సంస్థకు చేరిన ఐ.బి.యం. 360 శ్రేణి 91 వ నమూనాలో గాలికి తోడు నీటిని కూడ వాడిరి. 1980 లో ఆ సంస్థ ప్రకటించిన 3081 యంత్రములో నూరు పైచిలుకు చిప్పులను ఒక డబ్బీలో పేర్చి, ఒక్కొక్క చిప్పుపై స్ప్రింగుతో నొక్కు ఒక్కొక్క లోహపు ముషలకమును నిలిపి, డబ్బీని హీలియముతో నింపి, దానిపై చల్లని నీరు పారు పలకను బిగించిరి. ఒక్కొక్క డబ్బీ వేడి 300 వాట్ల వరకు ఉండెను. నేడు ఆటల కొరకు కొను ఒక్క గ్రాఫిక్సు కార్డు ఇంచుమించు అంతే వేడిని, ఒక్కొకప్పుడు అంతకు మించి, చిమ్ముచున్నది. నాడు బ్యాంకులకు, ప్రభుత్వములకు మాత్రమే అందుబాటైన చిక్కు నేడు నరసరావుపేటలోని అద్దెగదికి వచ్చినది!

1985 లో క్రే–2 రూపకర్తలు పలకలన్నింటిని కరెంటు పారని ఒక ద్రవములోనే ముంచివేసిరి. కాని 1990 ల తరువాత తక్కువ కరెంటుతో పనిచేయు చిప్పులు రాగా, పెద్ద యంత్రములు కూడ నీటిని వదలి గాలికే మరలెను. నీరు గొప్పతనమునకు గుర్తు కాదు. గాలి చాలనప్పుడే దానిని తెచ్చిరి, చాలినప్పుడు మానిరి.

మానిన విద్యను ఇండ్లలోనికి తెచ్చినవారు కుర్రవాండ్రు. 1998 లో వచ్చిన సెలెరాన్ 300ఏ అను చవుక చిప్పును 450 మెగాహెర్ట్జుల వేగముతో నడపవచ్చునని తెలియగానే, వేడిని పోగొట్టు ఉపాయముల కొరకు వేట మొదలయ్యెను. పాత కారులలో వెచ్చదనము కొరకు ఉండు చిన్న రేడియేటరు, చేపల తొట్టి పంపు, తోటకు నీరు పెట్టు గొట్టము, చేతితో తొలిచిన రాగి దిమ్మ: ఇవియే వారి సామగ్రి. తరువాత అంగళ్ళు వెలసినవి. 2004 లో ఆపిల్ సంస్థ పవర్ మ్యాక్ జి5 లో ద్రవముతో చల్లబరచు ఏర్పాటును పెట్టి అమ్మెను. 2009 నాటి కోర్సేర్ హెచ్50 వంటి వాటితో, పంపు, గొట్టము, రేడియేటరు ముందే బిగించి మూసిన ఏర్పాట్లు సామాన్యులకు అందెను.

ఈ సందర్భమున ఒక చిత్రమైన సంగతి చెప్పవలెను. 1963 లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జి గ్రోవరు వేడి గొట్టమును నిర్మించెను. రెండు కొనలు మూసిన గొట్టములో కొద్దిపాటి ద్రవము ఉండును. వేడికొనలో అది ఆవిరియై, చల్లకొనలో మరల ద్రవమై, గోడనున్న వత్తి వంటి పొర వెంట తిరిగి వచ్చును. నేడు "గాలి కూలరు" అని అమ్ము వస్తువులోని రాగి గొట్టములు ఇవియే, వాటిలోని ద్రవము చాలవరకు నీరే. పంపు లేదు, కారునను భయము లేదు. మన పిండిమర తొట్టికి ఇది దగ్గరి చుట్టము. కొద్దిపాటి డబ్బుగల విద్యార్థి మొదట చూడవలసినది దీనినే.

అయినను నీటినే కోరువారికి రెంటచింతల లెక్క చూపెదను. నిమిషమునకు ఒక లీటరు నీరు పారుచు 300 వాట్ల వేడిని మోసినచో, ఆ నీరు 4 డిగ్రీలకు పైగా మాత్రమే వేడెక్కును. నాలుగు లీటర్లు పారినను మిగులు మూడు డిగ్రీలే. కనుక ఖరీదైన పంపు తెచ్చు లాభము స్వల్పము. అసలు పని రేడియేటరుది. మంచి రేడియేటరు నీటిని గదిగాలి కంటె పది, పన్నెండు డిగ్రీలు మాత్రమే ఎక్కువగా ఉంచును. గది 42 డిగ్రీలున్నచో నీరు 53 ఉండును. చిప్పు దానిపై మరి పాతిక డిగ్రీలు. మొత్తము 78. నేటి చిప్పులు 95, 100 డిగ్రీల దగ్గర గాని వేగము తగ్గించుకొనవు. అనగా పని జరుగును, కాని చేయి పెట్టిన చల్లగా ఉండదు. మూసిన నీటి చుట్టు ఎన్నడును గదిగాలి కంటె చల్లబడదు. పంపులకు, గొట్టములకు చాలవరకు 60 డిగ్రీలే మేర. చిన్న రేడియేటరు పెట్టినచో మే నెలలో ఆ మేర దాటిపోవును. 2010 లో జూరిచ్‌లో ఐ.బి.యం. వారు నెలకొల్పిన అక్వాసార్ అను యంత్రమును 60 డిగ్రీల వేడినీటితోనే చల్లబరచి, మిగిలిన వేడిని భవనములకు మళ్ళించిరి. మనకు భవనములను వెచ్చబరచు అవసరము లేకపోయినను, వేడినీరు కూడ చిప్పును కాపాడగలదను ధైర్యము దాని వలన కలుగును.

కుండలో నీరు గాలికంటె చల్లబడుచుండగా దీనికి ఎందుకు సాధ్యము కాదని చురుకైనవారు అడుగుదురు. కుండనీరు చెమర్చి ఆవిరియగుట వలన చల్లబడును. మన ఎండ పొడి ఎండ; గాలిలో తేమ నూటికి ఇరువది పాళ్ళున్నప్పుడు 45 డిగ్రీల గాలిలోను తడిగుడ్డ ఇరువదియారు దాకా దిగును. ఈ సూత్రముతో నీటిని తుంపరగా కురిపించు నిలువు గొట్టములను కొందరు కంప్యూటరులకు కట్టిరి. కాని పల్నాటిలో నేను దీనిని సిఫారసు చేయను. 2022 ఏప్రిల్ 4 న నరసరావుపేట ముఖ్యస్థానముగా ఏర్పడిన ఈ జిల్లాలో పెద్ద భాగము సున్నపురాతి నేల. మాచర్ల, దాచేపల్లి ప్రాంతములలో సిమెంటు కర్మాగారములు, పిడుగురాళ్ళలో సున్నపు బట్టీలు వెలసినది అందుచేతనే. ఆ రాతిలో ఊరిన బోరునీరు కఠినజలము. నీరు ఆవిరియైన కొలది, వేడెక్కిన కొలది సున్నము మిగిలి పొర కట్టును. ఇంటిలో నీళ్ళు కాచు గిన్నె అడుగు చూచినచో సాక్ష్యము దొరకును. ఈ పొర రాగికంటె వంద రెట్లకు మించి తక్కువగా వేడిని పోనిచ్చును. చిప్పుపై బిగించు రాగి దిమ్మలోని కాలువలు మిల్లీమీటరులో కొద్ది వంతు మాత్రమే; అవి మూసికొనిపోవుటకు ఎంతో కాలము పట్టదు. ఇన్వర్టరు బ్యాటరీలలో పోయుటకు అమ్ము డిస్టిల్డు వాటరు చవుకగా దొరకును. మొత్తము ఏర్పాటునకు ఒకటి రెండు లీటర్లు చాలును.

రెండవ శత్రువు లోహముల కలయిక. రెండు వేరువేరు లోహములను తడితో కలిపినచో కరెంటు పుట్టునని 1800 లో వోల్టా చూపెను. రాగి దిమ్మకు అల్యూమినియము రేడియేటరును జతపరచువాడు తెలియకయే ఒక బ్యాటరీని తయారుచేయుచున్నాడు. దానిలో తినివేయబడునది అల్యూమినియము. నేటి కారులలోని రేడియేటరులు చాలవరకు అల్యూమినియమువే. ఆటోనగరులో పాతది చవుకగా దొరికినదని తెచ్చుటకు ముందు లోహమేదో అడిగి తెలిసికొనవలెను. రాగి, ఇత్తడి ఒకదానితో ఒకటి పొసగును.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి ఖర్చు క్రమము తేలుచున్నది. మొదట పెద్ద రేడియేటరు, 120 మిల్లీమీటర్ల ఫ్యానులు మూడు పట్టునది. అది ఎన్ని కంప్యూటరులు మారినను పనికి వచ్చును. తరువాత 12 వోల్టుల పంపు. కంప్యూటరుతోపాటే అది తిరుగవలెను. 230 వోల్టుల చేపతొట్టి పంపు చవుకయే కాని, దాని స్విచ్చి వేయుట మరచిన నాడు దిమ్మలోని నీరు కదలదు. గొట్టము మెత్తనిది చాలును, వెలుగు పడనిదైన మరియు మంచిది, పాచి పట్టదు. గ్రాఫిక్సు కార్డు దిమ్మను చివరకు వదలుడు. అది ఆ ఒక్క కార్డుకే సరిపోవును, కార్డు మారిన నాడు వ్యర్థము. రంగునీరు, దీపములు, గాజు తొట్టి, వంచిన గట్టి గొట్టములు కంటికే గాని చిప్పుకు కావు. పత్తి, మిరప ధూళి ఎక్కువగల మన ఊళ్ళలో రేడియేటరు రెక్కలను నెలకొకసారి ఊదుట మాత్రము తప్పదు.

అంతయు బిగించిన పిదప కంప్యూటరుకు కరెంటు ఇవ్వక, పంపును మాత్రమే వేరుగా ఒక పగలు, ఒక రాత్రి నడపవలెను. ప్రతి అతుకు క్రింద తెల్లకాగితము పరచినచో ఒక్క చుక్క పడినను మచ్చ కనబడును. శుద్ధజలము మొదట కరెంటును అంతగా పోనివ్వదు. రాగిని, ధూళిని కలుపుకొన్న కొలది పోనిచ్చును. కావున చుక్క కనబడినచో తుడిచి ఊరకుండక, ఆ అతుకును విప్పి మరల బిగించి, తిరిగి ఒక పగలు, ఒక రాత్రి చూడవలెను. ఈ పనికి జనవరి, ఫిబ్రవరి నెలలు అనుకూలము.