గృహ కంప్యూటర్లలో డేటా బ్యాకప్

ఇంటి కంప్యూటరులోని ఫొటోలు, పత్రాలు పోయినా తిరిగి పొందేందుకు వాటి నకళ్లను వేరే చోట భద్రపరచడాన్ని బ్యాకప్ అంటారు. డిస్క్ చెడిపోవడం, దొంగతనం, అగ్నిప్రమాదం, పొరపాటున ఫైళ్లు తుడిచేయడం, రాన్‌సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే హానికర ప్రోగ్రామ్) దాడి డేటా నష్టానికి ప్రధాన కారణాలు.

రకాలు: పూర్తి బ్యాకప్‌లో ప్రతిసారీ మొత్తం డేటా నకలవుతుంది. ఇంక్రిమెంటల్ పద్ధతిలో గత బ్యాకప్ తర్వాత మారినవే చేరతాయి. చోటు ఆదా అయినా పునరుద్ధరణకు వరుసలోని నకళ్లన్నీ కావాలి. డిఫరెన్షియల్ పద్ధతిలో చివరి పూర్తి బ్యాకప్ నుంచి మారినవన్నీ చేరతాయి. పునరుద్ధరణకు రెండు నకళ్లు చాలు.

సాధనాలు: ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ వేగవంతం, చవక, కానీ ఎప్పుడూ కంప్యూటరుకు తగిలించి ఉంచితే రాన్‌సమ్‌వేర్ దానికీ సోకవచ్చు. క్లౌడ్ నిల్వ ఇంటి ప్రమాదాలకు అతీతం. అయితే ఇంటర్నెట్ వేగం, చందా, గోప్యత చూసుకోవాలి. కేవలం సింక్ చేసే (అన్ని పరికరాల్లో ఫైళ్లను ఒకేలా ఉంచే) సేవ బ్యాకప్‌కు బదులు కాదు: ఒకచోట తుడిచిన ఫైలు మిగతా చోట్లా పోతుంది. మాక్‌లో టైమ్ మెషీన్ (2007), విండోస్‌లో ఫైల్ హిస్టరీ (2012) పాత ప్రతులనూ దాచి ఉంచుతాయి.

3-2-1 సూత్రం: అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన ఈ సూత్రం ప్రకారం అసలుతో కలిపి 3 ప్రతులు, 2 రకాల మాధ్యమాల్లో ఉండాలి, వాటిలో 1 ఇంటి బయట ఉండాలి.

ఎంపిక: ఎన్ని రోజుల పని పోయినా ఫరవాలేదన్నదాన్ని బట్టి బ్యాకప్ వ్యవధిని, ఎంత త్వరగా తిరిగి కావాలన్నదాన్ని బట్టి సాధనాన్ని నిర్ణయించుకోవాలి. అప్పుడప్పుడు కొన్ని ఫైళ్లను వెనక్కి తెచ్చి తెరిచి చూస్తేనే నకలు పనికొస్తుందో లేదో తెలుస్తుంది.