అడ్డాకుకు ఎన్ని పేర్లు?



రాయగడ, కొరాపుట్ ప్రాంతాల్లో అడ్డాకుల విస్తరిలో భోంచెయ్యనివారు అరుదు. కొండల్లో పెద్ద పెద్ద చెట్లను అల్లుకుని పెరిగే అడ్డతీగ నుంచి గిరిజన స్త్రీలు ఆకు కోసి, ఎండబెట్టి, పుల్లలతో కుట్టి సంతకు తెస్తారు. మనం అడ్డాకు అన్నదాన్నే ఒడియావారు శియాళి అంటారు. సరిహద్దు దాటి బస్తరు వెళితే అదే మాహుల్. చిక్కేమిటంటే ఒడియాలో మహుల అంటే ఇప్పచెట్టు. ఆకు అడిగినవారికి ఇప్పపువ్వు చూపిస్తే నష్టం కొద్దిపాటిదే. మందుమొక్క విషయంలో ఇలాంటి పొరపాటు జరిగితే ప్రాణం మీదికి వస్తుంది.

ఈ చిక్కు తీరే దారి స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ చూపించాడు. 1753లో ప్రచురించిన గ్రంథంలో ప్రతి మొక్కకూ రెండు మాటల పేరు ఇచ్చాడు. మొదటి మాట ప్రజాతిది, రెండోది జాతిది. ఇంటిపేరు ముందు చెప్పుకునే మనకు ఇదేమీ కొత్త కాదు. అడ్డాకు వంటి జంట ఆకుల మొక్కల ప్రజాతి పేరు బౌహీనియా. బౌహిన్ అనే ఇద్దరు అన్నదమ్ములు వృక్షశాస్త్రవేత్తలు. రెండుగా చీలిన ఆకు ఆ ఇద్దరికీ తగిన గుర్తని లినేయస్ భావించాడు.

అయినా తగవు తప్పలేదు. 1785లో ఫ్రెంచి శాస్త్రవేత్త లామార్క్ మన ఆరె చెట్టుకు బౌహీనియా రెసిమోసా అని పేరు పెట్టాడు. 1794లో మార్టిన్ వాల్ అదే పేరు అడ్డతీగకు పెట్టాడు. పేరు ఒకటి, మొక్కలు రెండు! ఇటువంటప్పుడు ముందు ప్రకటించినదే చెల్లుతుంది. అందుచేత 1834లో రాబర్ట్ వైట్, ఆర్నాట్ అనే ఇద్దరు అడ్డతీగకు కొత్త పేరిచ్చారు. వాల్‌ను మరవకుండా దాన్ని బౌహీనియా వాలియై అన్నారు.

తరవాత 1852లో బెంథామ్ దీన్ని ఫనేరా అనే ప్రజాతిలోకి మార్చాడు. ఆరె చెట్టుగా నిలబడుతుంది, అడ్డ నులితీగలతో ఎగబాకుతుంది. పువ్వుల్లోనూ తేడా ఉంది. చాలాకాలం ఎక్కువమంది పాత పేరే వాడారు. ఇటీవలి జన్యు పరిశోధనలు బెంథామ్ వైపు మొగ్గాయి. ఇప్పుడది ఫనేరా వాలియై. ఇంటిపేరు మారినా రెండో మాట అలాగే నిలిచింది.

వాల్ మన కొండలు చూసినవాడు కాడు. అడ్డాకును తరతరాలుగా ఎరిగిన కొండవారి మాట మాత్రం ఆ పేరులో లేదు. అన్ని మొక్కలకూ ఇలాగే జరగలేదు. జ్వరానికి బెరడు వాడే సోమిచెట్టును తెలుగువారు సోమిద అనేవారు. ఆ మాటే సోయ్‌మిడా అనే ప్రజాతి పేరై ప్రపంచమంతటా చెల్లుతోంది. తెలుగు పేరును ఎవరో అడిగి రాసుకోబట్టే అది మిగిలింది.

శాస్త్రం పెట్టిన పేరు పదిమందికీ ఒకే మొక్కను చూపిస్తుంది. ఊరి పేరు ఆ మొక్కతో బతికిన మనుషుల్ని చూపిస్తుంది. రెండూ కావాలి. మీ ఊళ్లో పెద్దవారికి తెలిసిన తెలుగు, ఒడియా, కువి పేర్లను పిల్లల చేత పక్కపక్కనే రాయించండి. రాయని పేరు, చెప్పేవారితోనే పోతుంది.