ప్రింటరుకి ఏ భాష వచ్చు?

కాలేజీలో ఉన్నప్పుడు ఒకసారి లినక్స్ మిషను నుంచి, పక్కనున్న విండోస్ మిషనుకి తగిలించిన ప్రింటరుకి రెండు పేజీల రిపోర్టు పంపాను. వచ్చినవి అరవై పేజీలు! మొట్టమొదట ఒక శాతం గుర్తు, ఒక ఆశ్చర్యార్థకం, పక్కన 'పీఎస్-అడోబ్' అని. ఆ తర్వాతంతా అంకెల గోల. ల్యాబ్ అసిస్టెంటు చేత చీవాట్లు తిన్నాక తెలిసిందేంటంటే, నేను పంపింది పోస్ట్‌స్క్రిప్టు. ఆ ప్రింటరుకేమో అది రాదు. పాపం, అందిన అక్షరాలు అందినట్టే అచ్చేసింది.

ఈ గొడవ నాతో మొదలైంది కాదు లెండి. యునిక్స్ వాళ్ళకి బర్క్‌లీ నుంచి వచ్చిన ఎల్పీడీ ఉండేది. 1990లో దాన్ని ఆర్ఎఫ్‌సీ 1179గా రాసిపెట్టారు. 515 పోర్టులో ఫైలు పడేసి రావడమే దాని పని. క్యూలో ఏముందో చెప్పేది గానీ, 'నీకే భాష వచ్చు' అని ప్రింటరుని అడిగే దారి లేదు. విండోస్ వాళ్ళది ఎస్ఎంబీ, మాక్ వాళ్ళది ఆపిల్‌టాక్. ఎవరి కుంపటి వారిదే.

ఈ గోడకి కన్నం వేసినవాడు ఆండ్రూ ట్రిడ్జెల్. ఆస్ట్రేలియాలో, కాన్‌బెరాలో పీహెచ్‌డీ చేస్తూ, డాస్ పీసీ నుంచి సన్ మిషను డిస్కు వాడుకోవాలనుకున్నాడు. ప్రోటోకాల్ కాగితాలేవీ లేకుండానే, వైరు మీద పోయే పాకెట్లు చూసి సర్వరు రాసేసి 1992లో బయటపెట్టాడు. అదే తర్వాత సాంబా అయింది. ఫైళ్ళతో పాటు ప్రింటర్లూ పంచుకోవడం కుదిరింది. మైక్రోసాఫ్టు పత్రాలు సాంబా వాళ్ళకి అందడానికి మాత్రం 2007 డిసెంబరు దాకా పట్టింది. అదీ యూరప్ కోర్టు తీర్పు వచ్చాక, 10,000 యూరోలు కట్టి!

సాంబా దారి వేసింది గానీ భాష గొడవ తీర్చలేదు. అది తీర్చింది 1999లో వచ్చిన ఐపీపీ. హెచ్‌టీటీపీ మీద, 631 పోర్టులో నడుస్తుంది. ముందు 'నీకేం వచ్చు' అని అడిగి, ఆ తర్వాతే ఫైలు పంపొచ్చు. అదే ఏడాది మైకేల్ స్వీట్ దాని మీద కట్టిన కప్స్ బయటికొచ్చింది. 2002లో ఆపిల్ దాన్ని మాక్ ఓఎస్ టెన్ 10.2లో పెట్టుకుంది. 2010లో వచ్చిన ఎయిర్‌ప్రింట్ అడుగున ఉన్నదీ ఐపీపీయే. 2023 సెప్టెంబరులో మైక్రోసాఫ్టు కూడా ప్రింటర్ కంపెనీల డ్రైవర్లు మెల్లగా తగ్గించుకుంటూ ఇటే వస్తామని ప్రకటించింది.

ట్రిడ్జెల్ అంటే నాకు బోలెడు గౌరవం. కానీ అంత తెలివైనవాడు వైర్లకి చెవి పెట్టి కూర్చోవాల్సి రావడమేంటి? నలుగురూ కూర్చుని ఒప్పుకుని, రాసి బయటపెట్టిన భాష ఉంటే ఆ అవసరమే ఉండదు. మనమూ తక్కువ తినలేదు. 'మన టీమ్ ఏపీఐయే కదా, డాక్యుమెంటు తర్వాత రాద్దాంలే' అని ఎన్నిసార్లు అనుకోలేదు? అవతలి టీములో ఎవడో మన పాకెట్లు చూస్తూ తల పట్టుకునే ఉంటాడు.

అలా అనిపించినప్పుడల్లా ఆ అరవై పేజీలు గుర్తు తెచ్చుకుంటున్నాను.